అడిగి పోసే నీళ్లు

రంగనాయకులుకు తన ఉద్యోగం నచ్చలేదన్న సంగతి ఆ స్టేషను అరుగు కింద పడుకునే కుక్కకు కూడా తెలుసు. పొద్దున్నే బావి దగ్గరికి పోతూ ఒకసారి, చింతపండూ బూడిదా వేసి ఇత్తడి బిందె తోముతూ ఒకసారి, నెత్తిన తడిగుడ్డ వేసుకుని రైలు కోసం నిలబడి ఇంకోసారి నోరారా తిట్టుకునేవాడు. ఎండ మాడ్చి చంపుతోందంటాడు. జీతం ఉప్పుకూ పప్పుకూ చాలదంటాడు. నల్లమల కింద, గిద్దలూరుకు అవతల, ఈ అడవి మొదట్లో మాట్లాడుకుందామంటే మనిషన్నవాడు లేడంటాడు. వినేందుకు హజరత్ వలి ఒక్కడే ఉన్నాడు గనుక అన్నీ ఆయనకే చెప్పేవాడు. హజరత్ వలి గడ్డం నిమురుకుంటూ అంతా విని, "నువ్వు సణగని రోజు నాకు చెప్పు అయ్యవారూ, ఆ రోజు నీకు జ్వరమేమో చెయ్యి పట్టి చూస్తా" అనేవాడు.

ఇద్దరిదీ ఒకే పని, రైల్లో వచ్చేవాళ్లకు నీళ్లు పోయడం. రైలు ఆగగానే రంగనాయకులు "హిందూ నీళ్లు" అని కేకేస్తూ ఇంజను వైపు నుంచి బయల్దేరితే, హజరత్ వలి "ముసల్మాన్ పానీ" అంటూ గార్డుపెట్టె వైపు నుంచి వచ్చేవాడు. నడుమ ఎక్కడో ఒకరినొకరు దాటుకునేవారు. ఇద్దరి నీళ్లూ ఒక్క బావివే. తెల్లవారగానే రంగనాయకులు ముందు చేదుకుని బిందెలు నింపుకుని పక్కకు తొలిగితే, హజరత్ వలి తన చేద తెచ్చి వేసేవాడు. బావికి ఆ తేడా ఏం తెలుస్తుంది పాపం, ఎవరు చేదినా అదే ఉప్పదనం.

చిన్న స్టేషనే అయినా రైలు అక్కడ బాగానే ఆగేది. నంద్యాల వైపు కొండ ఘాటు ఎక్కాలంటే వెనక ఇంకో ఇంజను తగిలించాలి గదా. మార్కాపురం నుంచి, కంభం నుంచి రేకుల పెట్టెల్లో ఉడికిపోతూ వచ్చిన జనం ఆ కాసేపట్లో కిటికీ ఊచల సందుల్లోంచి దోసిళ్లు చాచేవారు. చూసేవాళ్లకు అదేదో పుణ్యకార్యంలాగా ఉండేది. నీళ్లు పోయడమే గదా, ఎవరికైనా చేతనవుతుందనుకుంటారు. కాదండీ. నీళ్లు వంచేముందు మనిషి ఎవరో తెలియాలి. కొందరికి చెంబుతో దగ్గరగా దోసిట్లోకి పోయాలి. కొందరికి జానెడు ఎత్తునుంచి పోయాలి. ఊరికి ఎడంగా ఉండే పల్లెల వాళ్లకు, అందరి తరువాత, మూరెడు వెదురు గొట్టం గుండా పోయాలి. గొట్టం ఒక కొసన చెంబు, రెండో కొసన వాళ్ల చేతులు. ఆ గొట్టానికి తాడు కట్టి రంగనాయకులు భుజాన వేలాడేసుకునేవాడు. ఇదంతా చెయ్యమని రైలు కంపెనీవాళ్లు ఎక్కడా రాయలేదు. కానీ బ్రాహ్మణ్ణి వెతికి ఆ పనిలో పెట్టుకున్నది ఎందుకో అందరికీ తెలుసు.

చేరిన కొత్తలో ఒకసారి, ఎండలో సొమ్మసిల్లినట్టున్న ఒకాయనకు ఏమీ అడక్కుండా చెంబు వంచాడు. పక్క కిటికీలోంచి చూసిన షావుకారు ఒకాయన, గొట్టం వాళ్లకు చెంబుతో పోస్తావా అని అరిచాడు. పెట్టెపెట్టెకూ మాట పాకింది. ఆ రోజు అతని బిందెలోంచి ఒక్కరూ చుక్క తాగలేదు. స్టేషను మాస్టరు పిలిచి, అరవ యాసలో చెడామడా కడిగేసి, బిందె మూడుసార్లు తోమించాడు. అప్పటినుంచీ రంగనాయకులు అడగడం మరిచిపోలేదు. "ఎవురు మీరు?" అనేవాడు, చెంబు పైకెత్తి పట్టుకుని.

తరువాత్తరువాత అడిగే అవసరమే లేకపోయింది. పైట ఏ భుజాన వేసుకున్నారు, మెడలో ఏ పూస ఉంది, నుదుట పచ్చ ఎట్లా పొడిపించుకున్నారు, తలగుడ్డ ఎట్లా చుట్టారు, దోసిలి ఎంత ముందుకు చాచారు, ఇవన్నీ కన్ను తనంతట తానే చూసుకునేది. కన్ను చూసేలోపల చెయ్యి గొట్టం మీదికో చెంబు మీదికో పోయేది. పెట్టెకు పెట్టె తడబాటు లేకుండా ముగించేవాడు. ఇంత చురుకైన నీళ్లాయన ఈ లైను మీద లేడని గార్డులు అనుకునేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడు మాత్రం రంగనాయకులు సణుగుడు కాసేపు ఆపేవాడు.

ఇన్నేళ్లూ అతనిది ఎండాకాలం ఎండాకాలం పొడిగిస్తూ వచ్చిన ఉద్యోగం. ఆ యేడు ఖాయం చేస్తారన్నారు. మాస్టరు గట్టిగా సిఫారసు చేశాడు. ఇన్‌స్పెక్టరు దొర వచ్చే వారం ట్రాలీ మీద వచ్చి, మనిషిని చూసి, సంతకం పెట్టిపోతాడు. ఉద్యోగం ఖాయమైతే క్వార్టరు ఇస్తారు. ఒక గది, వెనక వంటకు ఒక పంచ. దానికోసమే రంగనాయకులు ఇన్ని ఎండలు భరించాడు. అతని భార్య కృష్ణవేణమ్మ పెళ్లయిన నాటినుంచీ మార్కాపురంలో తన అన్నగారింట్లోనే ఉంది. వదిన వంటింట్లో వండుతుంది, వదిన పిల్లలకు నీళ్లు పోస్తుంది, వదిన మాట పడుతుంది. రెండు మూడు నెలలకొకసారి ఇతను పోతే, వచ్చిన అల్లుడికి వడ్డించినట్టు వడ్డించి, తలుపు వారగా నిలబడేది. ఆమె నోరు తెరిచి అడిగింది ఒక్కటే. "మనదని ఒక పొయ్యి ఉంటే సాలు, ఇంగేం వద్దు" అంది. ఉత్తర్వు రాకముందే అతను ఆ ఖాళీ క్వార్టరు ఊడ్చి, ఎర్రమట్టి తెచ్చి, గడ్డి కలిపి తొక్కి, తన చేతులతో పొయ్యి వేశాడు. రోజూ సాయంత్రం పోయి, బీట వారిన చోటల్లా తడిచేత్తో మెత్తి వచ్చేవాడు.

*

ఆ రోజు రైలు ఆలస్యంగా వచ్చింది. మిట్టమధ్యాహ్నం. ప్లాట్‌ఫారం కంకర మీద కాలు పెడితే అంటుకుంటోంది. రంగనాయకులు బిందె ఒకసారి నింపుకున్నాడు, అయిపోతే మళ్లీ పరుగున పోయి నింపుకొచ్చాడు. చిట్టచివరి పెట్టె దగ్గరికి వచ్చేసరికి వెనక ఇంజను తగిలించిన కుదుపు వినిపించింది.

ఆ పెట్టె కిటికీలోంచి ఒక ఆడమనిషి రెండు చేతులూ బయటికి చాచి ఉంది. ఆమె పక్కన ఒక మగమనిషి ఊచలకు తల ఆనించి కూర్చున్నాడు. రంగనాయకులు వాళ్లను చూశాడు. మళ్లీ చూశాడు.

ఇద్దరూ దుమ్ములో ఉన్నారు. ఒంటిమీద దుమ్ము పడ్డం కాదు, దుమ్ముతోనే చేసినట్టున్నారు. జుట్టూ కనుబొమలూ రెప్పవెంట్రుకలూ చీరా చొక్కా అంతా ఒకటే బూడిదరంగు. నుదుట ఏముందో తెలియదు. మెడలో పూసలున్నాయో లేవో తెలియదు. చీర ఒకప్పుడు ఏ రంగో తెలియదు. పైట నడుముకు బిగించి కట్టేసుకుంది. కన్ను పైనుంచి కిందికి పోయి, ఏమీ దొరక్క తిరిగి వచ్చింది. ఇన్నేళ్లలో అట్లా ఎన్నడూ జరగలేదు.

"ఎవురమ్మా మీరు?" అన్నాడు.

"రాతి పనోళ్లం సామీ. మార్కాపురం కాడ పలకల గని."

"అది కాదమ్మా. ఏం జనం అంటున్నా."

"గనిలో జనమే సామీ" అంది ఆమె. అతను అడుగుతున్నదేమిటో ఆమెకు అందలేదో, చెప్పే ఓపిక లేదో. పక్కనున్న మనిషి దగ్గడం మొదలుపెట్టాడు. ఆ దగ్గు గొంతులోంచి కాక ఎక్కడో అడుగునుంచి, రాళ్ల కుప్ప జారినట్టు వస్తోంది. ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసి, చేతులు ఇంకా ముందుకు చాచింది. "బిరిన పోసెయ్యి సామీ."

రంగనాయకులు ఒక చేత్తో చెంబు ఎత్తాడు. రెండో చెయ్యి గొట్టం మీదికి పోయి ఆగింది. పక్క కిటికీలో తెల్ల తలగుడ్డాయన ఇటే చూస్తున్నాడు. చెంబుతో పోస్తే, వీళ్లు గొట్టం వాళ్లయితే, బిందె మైలపడుతుంది, మళ్లీ పెట్టెపెట్టెకూ గోల, అదీ ఉద్యోగం ఖాయమయ్యే వారంలో. గొట్టం తీస్తే, వీళ్లు ఏ కాపుల ఇంటివాళ్లో అయితే, కరువుకు గనిలో చేరిన వాళ్లు ఎంతమంది లేరు, మమ్మల్ని అంతమాటంటావా అని మీదికొస్తారు. ఏ తప్పు చిన్నదో తేల్చుకోవాలి. తేల్చుకుంటూ నిలబడ్డాడు. గార్డు ఈల వేశాడు. పెట్టె ఒక్క ఊపు ఊగి కదిలింది.

ఆమె తిట్టలేదు, అరవలేదు. ఎవరైనా పక్కన పరుగెత్తుతూ పోస్తారేమోనన్నట్టు చేతులు అట్లాగే చాచి పెట్టుకుంది. రైలు మలుపు తిరిగేదాకా ఆ రెండు చేతులూ బయటికే కనిపించాయి.

తరువాత ఆ స్టేషనులో చప్పుడన్నది లేదు. రైలు పోయాక అక్కడ ఎప్పుడూ అంతే, చెవులు మూసుకుపోయినట్టుంటుంది. రంగనాయకులు నిండు బిందె చంకన పెట్టుకుని చాలాసేపు అక్కడే ఉన్నాడు. బిందె బరువుకు నడుము లాగుతోందని కూడా తెలియలేదు.

సాయంత్రం బావి దగ్గర హజరత్ వలి చేద తాడు చుట్టుకుంటూ, ఈరోజు ఎండ గురించి ఒక్క మాట రాలేదే, ఏంది కత అన్నాడు. రంగనాయకులు జరిగింది చెప్పాడు. చెప్పేటప్పుడు తన తప్పు కొంచెం తగ్గించి, రైలు తొందర కొంచెం పెంచి చెప్పాడు. హజరత్ వలి అది కనిపెట్టాడు గాని పట్టించుకోలేదు. నా దగ్గరికొచ్చినా నేనూ అడిగేవాణ్ణే, మన పనే అది, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలున్నారు, నేను అంతకన్నా ఆలోచించను అన్నాడు. తాడు చుట్ట భుజాన వేసుకుని, "ఇన్నాళ్లూ నువ్వు పనిని తిట్టుకుంటుంటే నవ్వుకునేవాణ్ణి అయ్యవారూ. ఇయ్యాల పనిని తిట్టడంలా నువ్వు. అదే నాకు బాగలేదు" అన్నాడు.

*

మరునాడు రంగనాయకులు ఒక పట్టుదల పట్టాడు. చూడకుండా పోయాలి. దోసిలి మాత్రం చూడాలి, మనిషిని చూడకూడదు. రైలు వచ్చింది. తల వంచుకుని మొదటి కిటికీ దగ్గరికి పోయాడు. కిందికి చూస్తే గాజులు కనిపించాయి. గాజులు చూడగానే కన్ను చెప్పేసింది ఎవరో. రెండో కిటికీలో వేళ్ల కణుపులు చెప్పాయి. మూడో దగ్గర మనిషి ఏమీ మాట్లాడకుండానే, దోసిలి ఊచలకు ఎంత లోపల పెట్టాడో అది చెప్పింది, చెయ్యి వెళ్లి గొట్టం అందుకుంది. పెట్టెలన్నీ ఎప్పటిలాగే చకచకా అయిపోయాయి. గార్డు చెయ్యి ఊపి మెచ్చుకోలుగా నవ్వాడు. రంగనాయకులుకు ఒళ్లు చచ్చినట్టయింది.

ఆ మరునాడు గిద్దలూరు సంతకు పోయాడు, క్వార్టరు గోడలకు సున్నం కొందామని. సంతలో ఎవరూ అతన్ని నీళ్లు అడగరు. నెత్తిన గుడ్డ, చేతిలో సంచి, అందరిలో ఒకడు. ఉల్లిపాయల బండ్ల దగ్గర నడుస్తుంటే ఒక ముసలాయన బండి దిగబోయి, కాడి తట్టుకుని ముందుకు పడ్డాడు. రంగనాయకులు రెండడుగుల దూరంలో ఉన్నాడు. లేపడానికి వంగాడు. వంగిన చెయ్యి దారిలో ఆగిపోయింది. కన్ను ముసలాయన మెడ చూస్తోంది, పంచెకట్టు చూస్తోంది, చెవి పోగులు చూస్తోంది. ఎంతసేపు? రెప్పపాటు కూడా కాదేమో. ఆ రెప్పపాటులో తమలపాకులమ్మే ఒకామె తట్ట కింద పెట్టి వచ్చి, ముసలాయన చంకల్లో చేతులు వేసి కూర్చోబెట్టింది. రంగనాయకులు చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆమె అతన్ని ఎగాదిగా చూసింది.

సున్నం మూట భుజాన వేసుకుని స్టేషనుకు నడుస్తూ అతను తనలో తానే వాదులాడుకున్నాడు. ఎండ అన్నాను, నిజమే, ఉద్యోగం ఖాయమైతే తలకు టోపీ ఇస్తారు. జీతం అన్నాను, అదీ పెరుగుతుంది. ఒంటరితనం అన్నాను, కృష్ణవేణమ్మ వస్తుంది, సాయంత్రం ఇంటికి పోతే దీపం వెలుగుతుంటుంది. ఇన్నేళ్లూ నేను తిట్టుకున్నవన్నీ ఆ ఒక్క సంతకంతో తీరిపోతాయి. ఈ కన్ను మాత్రం తీరదు. ఆ సంతకంతో ఖాయమయ్యేది ఇదే. పని కష్టంగా ఉన్నన్నాళ్లూ ఏదో బతుకు ఈడుస్తున్నానని అనుకున్నాను. పని ఎప్పుడు సులువైందో అప్పుడు చూసుకోలేదు. చూసుకోవలసింది అప్పుడే.

అనుకోవడం సులువే. రాత్రి బండి గార్డు ఒక కబురు తెచ్చాడు. కృష్ణవేణమ్మ గిన్నెలన్నీ ఒక గోనెలో కట్టి పెట్టుకుందట, ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తానందట. ఆ మాట వినగానే రంగనాయకులుకు సంతోషమైంది. వెంటనే భయం వేసింది. సున్నం మూట విప్పకుండా క్వార్టరు మూలన పెట్టి, పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. పొయ్యి బాగా ఆరింది. ఎక్కడా బీట లేదు.

*

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ట్రాలీ తోసినవాళ్లు వేపచెట్టు కింద ఒళ్లు తెలియకుండా పడుకున్నారు. లోపల మాస్టరు ఆయనకు కాగితాలు చూపిస్తున్నాడు. రంగనాయకులు ఉతికిన పంచె కట్టుకుని, బిందె మెరిసేలా తోముకుని, రైలు వచ్చాక లోపలికి పిలుస్తారు, దొర చూసి సంతకం పెడతాడన్న మాట విని బయట నిలబడ్డాడు. వద్దని చెప్పాలని లేదు, సరేనని చెప్పాలని లేదు.

నంద్యాల వైపునుంచి బండి ఘాటు దిగి వచ్చింది. ఎదురుబండి దాటాలి గనుక నిలబడుతుంది. జనం దిగి నీడకు చేరారు. రంగనాయకులు నాలుగు పెట్టెలు పోసుకుంటూ వచ్చేసరికి ఒకామె ఎదురుగా వచ్చి చేతులు చాచింది. ముఖం కడుక్కుని, తల దువ్వి ముడేసుకుని ఉంది. నుదురూ మెడా చేతులూ అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. కన్ను వెంటనే చెప్పేసింది ఆమె ఎవరో. ఏం చెప్పిందో నేను చెప్పను, మీకెందుకు అది.

"బిరిన పోసెయ్యి సామీ" అంది.

ఆ గొంతు అతనికి తెలుసు. వేళ్ల కొసలు పలకరాయి కోసి కోసి చెక్కుకుపోయి ఉన్నాయి. చెంబు ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగి, "మీ ఇంటాయనకు ఎట్లుందమ్మా?" అన్నాడు.

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "మా ఆయనా? పోయినాడు సామీ. నంద్యాల ఆసుపత్రిలోనే పోయినాడు. నీకెట్ల తెలుసు ఆయన?"

"పోయేటప్పుడు రైల్లో చూసినా. నువ్వు నీళ్లడిగినావు."

"అడిగినా. ప్రతి టేషన్లో అడిగినా" అంది ఆమె. ఓబులమ్మ ఆమె పేరు. ఎవరి మీదా కోపం లేకుండా, దారిలో జరిగిన సంగతి చెప్పినట్టు చెప్పింది. "యాడనో ఒకచోట ఒకాయన నిండు బిందె పట్టుకోని ఏందేందో అడిగినాడు. రైలు కదిలిపాయె. తాగేదానికి కాదు సామీ. ఆయన గుటక మింగే స్థితిలో యాడున్నాడు. మొగం కడుగుదామని. గనిలోనించి ఉన్నపళాన ఎత్తుకొస్తిమి. ఆసుపత్రోళ్లు చూసేటప్పటికి మనిషి మాదిరి ఉండాల గదా."

రంగనాయకులు ఎత్తిన చెంబు బిందె మీదికి దించాడు.

"కడిగినార్లే. పోయినాక వాళ్లే కడిగినారు. పిలిచి చూడమంటే నాకు ఆనవాలు దొరకలా. ఆ దుమ్ము లేకుండా ఆయన్ని చూసి ఎన్నాళ్లయిందో. ఈయన కాదేమోనని పక్క మంచం కాడికి పోయినా."

అంతవరకూ ఒక్క చుక్క లేని ఆమె కళ్లలో అప్పుడు నీళ్లు తిరిగాయి. మోచేత్తో తుడుచుకుంది. లోపలినుంచి మాస్టరు రంగనాయకులు పేరు పెట్టి పిలిచాడు. రెండోసారి పిలిచాడు.

"ఆ బిందె పట్టుకోని నిలబడినోణ్ణి నేనేనమ్మా" అన్నాడు రంగనాయకులు.

ఆమె అతన్ని కాసేపు చూసింది. గుర్తు పట్టిందో లేదో చెప్పలేం. అతను తిట్టు కోసం ఎదురుచూశాడు, తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె "అట్లనా" అంది. దోసిలి మళ్లీ చాచింది. "నోరెండిపోయింది సామీ. పోసెయ్యి."

గొట్టం భుజానే ఉంది. రంగనాయకులు చెంబు వంచాడు. దగ్గరగా వంచాడు, ధార తెగకుండా, దోసిలి అంచులు దాటి కిందికి కారేంతగా. ఆమె వంగి గుటకలు వేస్తూ తాగింది. చాలని తల ఊపితే ఆపాడు.

వేపచెట్టు నీడలోంచి ఒకాయన చూశాడు. మామూలే, ఒకరు అరిస్తే పదిమంది లేచారు. నీళ్లు పట్టుకున్నవాళ్లు చెంబులు నేల మీద కుమ్మరించారు. ఇంకా పట్టుకోనివాళ్లు బ్రాహ్మడికి పిచ్చెక్కిందన్నారు. ఓబులమ్మ ఏమీ ఎరగనట్టు పోయి తన పెట్టెలో కూర్చుంది. మాస్టరు బయటికి పరుగెత్తుకొచ్చి, సంగతి విని, రంగనాయకులు చెయ్యి పట్టుకుని గోడవారకు లాక్కెళ్లాడు. మనిషి చెడ్డవాడు కాడు. దొర కలం తీసి పట్టుకున్నాడయ్యా, పొరపాటు పడ్డానని చెప్పు, ఆమెను చూసి ఇంకెవరో అనుకున్నానని చెప్పు, బిందె తోమేస్తే సరిపోతుంది, మిగతాది నేను సర్దుతానని బతిమాలాడు.

"పొరపాటు పడింది మొన్న" అన్నాడు రంగనాయకులు. "ఇయ్యాల తెలిసే పోసినా. ఈ పని ఇంక నాకొద్దండీ."

మరి ఏం చేస్తావంటే తెలియదన్నాడు. నిజంగానే తెలియదు. అతనికి చేతనైన పని ఇదొక్కటే. లోపలికి పోయి, బిందే చెంబూ గొట్టమూ మూలన పెట్టి, ఇన్‌స్పెక్టరుకు దణ్ణం పెట్టి బయటికొచ్చాడు. దొరకు ఏమీ అర్థం కాలేదు. కలం మూత పెట్టుకున్నాడు.

హజరత్ వలి అతని గుడ్డల మూటా, సొంత చెంబూ తెచ్చి పెట్టె దగ్గర నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి, "క్వార్టరు పాయె గదా అయ్యవారూ. మీ ఇంట్లో ఆయమ్మకు ఏం చెప్తావు?" అన్నాడు. రంగనాయకులు మూట అందుకున్నాడు. బండి కదులుతుంటే హజరత్ వలి నాలుగడుగులు పక్కనే నడిచాడు. అంతవరకూ ఆయన అట్లా ఎవరి కోసమూ నడవలేదు. ఇక సాయంత్రాలు బావి దగ్గర హజరత్ వలి ఒక్కడే.

రంగనాయకులు ఎక్కింది ఓబులమ్మ పెట్టెలోకే. కావాలని ఎక్కాడో, కాళ్లు తీసుకుపోయాయో. ఎదుటి బల్ల మీద కూర్చున్నాడు. ఆమె కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. అతను కృష్ణవేణమ్మతో అనవలసిన మాటలు కూడదీసుకోవడం మొదలుపెట్టాడు. గోనె ఇప్పుడే విప్పొద్దు అనాలా. ఇంకో చోట చూస్తాను అనాలా. ఏ మాట మొదలుపెట్టినా నడుమ ఆ పొయ్యి అడ్డం వచ్చింది. ఎవరో కొత్త నీళ్లాయన వస్తాడు, వాడి పెళ్లాం దాని మీద కుండ పెడుతుంది. ఆ తలంపుకు అతనికి ఏడుపొచ్చింది. ముఖం బయటికి తిప్పుకుని, ఎవరికీ కనపడకుండా కాసేపు ఏడ్చాడు.

కంభంలో బండి ఆగింది. ఆ స్టేషను నీళ్లాయన కేకేసుకుంటూ కిటికీల వెంట వస్తున్నాడు. ఓబులమ్మ లేచి చేతులు బయటికి పెట్టింది. రంగనాయకులు కూడా ఎండిన గొంతుతో చెంబు చాచాడు. నీళ్లాయన ఇద్దరినీ చూశాడు. చూపు రంగనాయకులు భుజాన జంధ్యం మీద ఒక్క క్షణం ఆగింది. ఏమీ అడగలేదు. చెంబు అంచుదాకా నింపి, ఓబులమ్మ చేతులు తప్పించుకుని, తరువాత వస్తానన్నట్టు తల ఊపి ముందుకు పోయాడు.

ఉద్యోగం మూలన పెట్టి వచ్చాడు గాని, ఈ జంధ్యం ఎక్కడ పెట్టి రాగలడు? రంగనాయకులు నిండిన చెంబు వైపు చూస్తూ కూర్చున్నాడు. తరువాత దాన్ని ఓబులమ్మ చేతికి ఇచ్చాడు. పెట్టెలో మాటలు ఆగాయి. ఆమె అతని ముఖంలోకి ఒకసారి చూసి, చెంబు ఎత్తి పట్టుకుని తాగి, తిరిగి ఇచ్చింది.

అడుగున కొన్ని నీళ్లు మిగిలాయి. అవి అతను తాగాడు. మార్కాపురంలో దిగాక కృష్ణవేణమ్మకు ముందు ఈ సంగతి చెప్పాలి, క్వార్టరు మాట ఆ తరువాత చెప్పాలి అనుకున్నాడు.